పెద్దకోడలి చెవి

ఆ ఇంటి పెద్దకోడలికి ముఖమంటూ ఒకటుందన్న సంగతి చుట్టాలంతా ఎప్పుడో మరిచిపోయారు. వాళ్లకి తెలిసింది ఆమె ఎడమ చెవి ఒక్కటే. తమ్మెకు చిన్న రాయి పోగు, పైన నెరిసిన వెంట్రుకలు, మధ్యలో చీకటి. ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా "నా మాట ఎవరూ వినరే" అని వాపోతే చాలు, ఆ చెవి బొమ్మ వచ్చి పడుతుంది. మొన్నటికి మొన్న చుట్టాల్లో కొత్తగా కాపురానికొచ్చిన పిల్లొకతి ఫోన్ చేసి, "హలో, చెవి పెద్దమ్మ గారేనా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ పేరు కన్నా, చివర తగిలించిన "అండీ"కే పెద్దకోడలికి ఒళ్లు మండింది.

ఆమె పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. ఉద్యోగమంతా చెవికి ఫోను తగిలించుకునే గడిచింది. ఏ డాక్టరుకు ఏ నర్సుతో చనువో, ఏ గదిలో పేషెంటు కొడుకులు ఆస్తి కోసం కొట్టుకుంటున్నారో, స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న మనిషికి తెలియకుండా పోదు. కానీ చేరిన మొదటి రోజే సూపర్‌వైజర్ ఒక మాట చెప్పింది. "అమ్మాయ్, చెవి నీదే. చెవిలో పడ్డ మాట మాత్రం నీది కాదు." లైను కలిపాక తప్పుకోవాలి. పొరపాటున ఏదైనా చెవిన పడినా అది నోటిదాకా రాకూడదు. పెద్దకోడలు ఆ నియమాన్ని కట్టుకున్న మొగుడి దగ్గర కూడా తప్పలేదు. ఇప్పటి వాళ్లకి ఇది చెబితే నవ్వుతారు. చూసింది చూసినట్టు పదిమందికీ పంపకపోతే తిన్నది అరగని కాలం మరి.

అసలు సంగతి ఆమె మొగుడి ఆపరేషన్ రోజున జరిగింది. గుండెకు కోత పెట్టారు. ఆమె ఆసుపత్రి వరండాలో ఒక్కతే కూర్చుని ఉంటే ఫోను మోగింది. తోడికోడలు, అంటే ఆ ఇంటి చిన్నకోడలు, చుట్టాలందరినీ కలిపి వీడియో కాల్ చేసింది. "అక్కా, బావగారికి ఎలా ఉంది?" అన్న గొంతు వినగానే పెద్దకోడలి చెయ్యి తనంత తానే పైకి లేచింది. అన్నేళ్ల అలవాటు. ఫోనులో గొంతు వినపడితే దాన్ని చెవికి ఆనించడమే ఆ చేతికి తెలుసు. చుట్టూ గోలగా ఉందని గట్టిగా అదుముకుంది కూడా. అలా అదుముకుని, డాక్టరు ఏమన్నాడో చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగలేక ఏడ్చేసింది. అవతల చుట్టాల ఫోన్లలో మాత్రం తెరనిండా చెవి.

సాయంత్రానికి ఆ చెవి గ్రూపులోకి వచ్చింది. చిన్నకోడలు కాల్‌ని రికార్డు చేసి, మాటలు తీసేసి, బదులుగా బాకా సంగీతమూ, జనం విరగబడి నవ్వే చప్పుడూ తగిలించింది. "అక్కా, ఏమీ అనుకోకు. నెట్‌వర్క్ బాగాలేదు, నీ మాట ఒక్కటీ వినపళ్లేదు, చెవే కనపడింది. భలే నవ్వొచ్చింది" అంది తర్వాత. పోనీలే, నిజంగానే వినపళ్లేదేమో అనుకుంది పెద్దకోడలు. అలా అనుకోకపోతే ఆమెకి నిద్ర పట్టేది కాదు.

ఆయన కోలుకున్నాడు. కోలుకుని, మంచం మీద కూర్చుని, ఒకరోజు టీ అడిగితే ఆమె పలకలేదని ఆయన కూడా ఆ చెవి బొమ్మే పంపాడు. "సరదాకి పంపానే బాబూ! ఊరకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదన్నారు. ఒక చెవితో విని రెండో చెవితో వదిలెయ్" అని సలహా కూడా ఇచ్చాడు. ఆ పూట ఆయనకి టీ ఆలస్యంగా అందింది, చక్కెర లేకుండా.

ఇదంతా ఒక ఎత్తు, ఆడపడుచు డెబ్బయ్యో పుట్టినరోజు ఒక ఎత్తు. ఆవిడ ఆ ఇంటికి పెద్ద. వెనకాల అందరూ ఆవిణ్ని హైకోర్టు అంటారు, ఎదురుగా మాత్రం వదినగారూ అంటారు. ఆవిడే గ్రూపు అడ్మిను. రోజూ పొద్దున్నే తను పాడిన పాట పెడుతుంది, ఎవరు మెచ్చుకున్నారో ఎవరు మెచ్చుకోలేదో గుర్తు పెట్టుకుంటుంది. పుట్టినరోజుకి పెద్ద హాలు మాట్లాడారు. గోడంత తెర మీద వీడియో వేస్తారట, అది చేసే బాధ్యత చిన్నకోడలు తీసుకుందట, అందులో చెవి కూడా ఉందట. ఆ హాల్లో పెద్దకోడలి కూతురి అత్తవారూ ఉంటారు. ఆడపడుచు స్నేహితురాలైన పాత సూపర్‌వైజరూ ఉంటుంది. వాళ్లందరి ముందూ తన చెవి ఆ గోడంత కనపడబోతోంది. ఆ మాట తలుచుకుంటే పెద్దకోడలికి ముద్ద దిగడం లేదు.

"చెల్లీ, అదొక్కటి తీసెయ్యమ్మా" అని అడగడానికి రెండుసార్లు మెసేజ్ రాసింది. రెండుసార్లూ నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. చూసి కూడా పలక్కపోవడం అనే మర్యాద కొత్తగా వచ్చింది. ఎదురుగా నిలబడి అడిగితే ముఖం పక్కకి తిప్పుకోవడానికైనా కాస్త సిగ్గుపడాలి. ఫోనులో ఆ కాస్తా అక్కర్లేదు.

అలాంటి చిన్నకోడలే ఒక సాయంత్రం వీడియో కాల్ చేసింది. "అక్కా, వదినగారి పాత ఫోటోలుంటే పంపవూ" అని రెండు ముక్కలు మాట్లాడింది. "సరే, ఉంటానక్కా" అని ఫోను సోఫా మీద బోర్లా పడేసింది. పడేసింది గానీ కాల్ పెట్టెయ్యలేదు. పెద్దకోడలి ఫోనులో తెర నల్లగా అయిపోయింది. లోపల్నుంచి దూరంగా గొంతులు. ఆమె చెయ్యి మళ్లీ తనంత తానే చెవి దగ్గరికి వెళ్లింది.

తప్పుకోవాలని తెలుసు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తప్పుకుంది. ఆ సాయంత్రం తప్పుకోలేదు.

"అమ్మా, అత్త పాట కూడా వీడియోలో పెట్టాలా?" అని చిన్నకోడలి కూతురు అడుగుతోంది.

"పెట్టకపోతే హైకోర్టు ఊరుకుంటుందా? నూనె లేని తలుపు బందులా ఉంటుంది ఆ గొంతు. నేనెప్పుడు విన్నాను కనక! గ్రూపుని మ్యూట్‌లో పెట్టి ఏడాదైంది. పొద్దున్నే వినకుండానే ఒక గుండె బొమ్మ, రెండు చప్పట్లు కొట్టేస్తాను. ఆవిడ పొంగిపోతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్దకోడలికీ నవ్వు వచ్చేదే. కానీ ఆ పిల్ల మళ్లీ అడిగింది. "పెద్దమ్మ చెవి మాత్రం వద్దేమోనే. పాపం, ఆరోజు ఏడుస్తోంది కదా. నీకు నిజంగా వినపళ్లేదా?"

"ఎందుకు వినపళ్లేదూ? గంట కొట్టినట్టు వినపడింది. 'ఈయనకేమన్నా అయితే నాకెవరున్నారు' అని ఒకటే ఏడుపు. అందుకేగా గొంతు తీసేసింది. ఏడుపు ఉంచితే ఎవరు నవ్వుతారే, పిచ్చిదానా!"

పెద్దకోడలు ఫోను పెట్టేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. పొరపాటైతే క్షమించవచ్చు, తెలివితక్కువతనమైతే జాలిపడవచ్చు. ఇది అవేవీ కాదు. తన ఏడుపుని విని, అది ఏడుపేనని తెలిసి, బియ్యంలో రాయి ఏరినట్టు ఏరి పారేసింది.

"ఎవరే ఫోను?" అని ఆయన అడిగాడు.

"ఎవరో. పొరపాటున కలిసింది" అంది.

వెంటనే ఆడపడుచుకి చెప్పేయాలనిపించింది. తలుపు బందు మాట ఒక్కటి చాలు, చిన్నకోడలి పని అయిపోతుంది. కానీ తను అలా అననే లేదంటే? నోటిమాటకి సాక్ష్యమేది? తను రికార్డు చెయ్యలేదు, ఎలా చెయ్యాలో తెలియదు కూడా. అదీగాక, విన్నది చెప్పి ఎరగని నోరు అది. దీనికోసం ఆ నోటిని పాడుచేసుకోదలచలేదు. పగ తీర్చుకుంటుంది, తీర్చుకుని తీరుతుంది, కానీ ఒక్క మాట కూడా బయటపెట్టకుండా తీర్చుకుంటుంది. ఆ ఆలోచన రాగానే కడుపులో మంట కాస్త తగ్గి ఆకలేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

మర్నాడు పొద్దున్న, ఆడపడుచు పాట పెట్టిన వెంటనే, పెద్దకోడలు గ్రూపులో ఇలా రాసింది. "పాట బాగుంది వదినగారూ. చెల్లీ, నిన్న నువ్వు ఫోను పెట్టెయ్యడం మరిచిపోయావు. నువ్వూ పిల్లా మాట్లాడుకున్నదంతా చాలాసేపు విన్నాను."

చిన్నకోడలి పేరు కింద "టైపింగ్" అని వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, పోయింది. పెద్దకోడలు కుర్చీ లాక్కుని, టీ తాగుతూ, దాన్ని సినిమా చూసినట్టు చూసింది.

"ఏం విన్నావే?" అని ఆడపడుచు అడిగింది. పెద్దకోడలు జవాబివ్వలేదు. చూసి కూడా పలక్కపోవడం ఆమెకీ వచ్చేసింది.

కాసేపటికి చిన్నకోడలు విడిగా రాసింది. "అక్కా, ఏం విన్నావు?" తర్వాత, "అక్కా, రికార్డు చేశావా?" తర్వాత, "అక్కా, ప్లీజ్."

పెద్దకోడలు మొదటిసారిగా ఆ చెవి బొమ్మని వెతికి, జవాబుగా పంపింది. ఏ ప్రశ్నకైనా అదే జవాబు. ఆ పూటే తన ప్రొఫైల్ ఫోటో తీసేసి, అక్కడా చెవే పెట్టింది. ఇకమీద చిన్నకోడలు ఎవరితో మాట్లాడదామని ఫోను తెరిచినా, ఆ చెవి తన మాట వింటున్నట్టే కనపడాలి.

ఎవరైనా తమ బుద్ధినే ఎదుటివాళ్లకీ అంటగడతారు. తను రికార్డు చేసిన మనిషి కనక, అక్క చేసి ఉండదని చిన్నకోడలు నమ్మలేకపోయింది. పుట్టినరోజు దాకా ఆమె తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఆడపడుచు పెట్టిన ప్రతి పాటా మొదట్నుంచి చివరిదాకా విని, ఎక్కడెక్కడ బాగుందో విడమరిచి రాసింది. ఆ శిక్ష కూడా తక్కువదేమీ కాదు.

హాలు నిండింది. తెర మీద ఆడపడుచు చిన్నప్పటి ఫోటోలు వచ్చాయి, పాట వచ్చింది, కేకు ముందు నవ్వే పిల్లలు వచ్చారు, వీడియో అయిపోయింది. వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "చెవి ఏదీ? చెవి వెయ్యండి!"

"అది... తీసేశాం" అంది చిన్నకోడలు.

ఆడపడుచు ముందు వరసలోంచి లేచింది. "ఎందుకు తీశారు? ఇన్నాళ్లూ దాని గురించే ఊదరగొట్టావుగా. మీ ఇద్దరి మధ్యా ఏదో ఉంది. ఏమే పెద్దదానా, ఆరోజు ఏం విన్నావు? గ్రూపులో అడిగితే పలకవు. ఇప్పుడు నా ముందు చెప్పు."

అందరూ పెద్దకోడలి వైపు తిరిగారు. పాత సూపర్‌వైజర్ కూడా కళ్లజోడు సవరించుకుని చూసింది. పెద్దకోడలు తొందరపడలేదు. సంచీ తెరిచి, ఫోను తీసి, కేకు బల్ల మీద పెట్టింది. బోర్లా పెట్టింది. పెట్టి, తోడికోడలి కళ్లలోకి చూసింది.

చిన్నకోడలు బోర్లా ఉన్న ఆ ఫోనుని చూసింది.

"వదినగారూ, తలుపు బందు అన్నది సరదాకి!" అని అరిచేసింది. "మీ గొంతు నాకు ఇష్టమే! మ్యూట్‌లో పెట్టింది కూడా పిల్లల చదువు పాడవుతుందని! అక్క ఏడుపు వినపడినా తీసేసిన మాట నిజమే గానీ, అదీ నలుగురూ నవ్వుతారనే తప్ప..."

అక్కడికి ఆగింది. ఆగేసరికి చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అందరూ వినే ఉంటారు. ఆ హాల్లోని వాళ్లు కళ్లారా చూశారు.

"తలుపు బందా?" అంది ఆడపడుచు. అరవలేదు. తన ఫోను తీసి, ఏదో నొక్కింది. చిన్నకోడలి చేతిలో ఫోను చిన్నగా మోగింది. గ్రూపులోంచి తీసేసినట్టు కబురు.

పెద్దకోడలి మొగుడు మాత్రం తెర వైపూ చూడలేదు, తన అక్క వైపూ చూడలేదు. "ఏడ్చావా ఆరోజు?" అని మెల్లిగా అడిగాడు. "నాకు చెప్పలేదేమే?" ఆయన ఫోను తీసి, ఆ చెవి బొమ్మ ఎక్కడుందో వెతికి వెతికి, చెరిపేశాడు. ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ఒక్కటీ ఆమె అనుకోనిది.

చేతులు కడుక్కునే చోట చిన్నకోడలు ఆమెను పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి కాటుక కారిపోయింది. "అంతా నా నోటితోనే చెప్పించావు, ఇంకేం కావాలక్కా? ఇప్పుడైనా ఆ రికార్డింగు తీసెయ్. నీ కాళ్లు పట్టుకుంటా."

పెద్దకోడలు ఆ ఏడుపుని పూర్తిగా విన్నది. ఎక్కడా ఆపలేదు. విన్నాక చేతులు తుడుచుకుంది.

"రికార్డింగు లేదమ్మా" అంది. "ఎప్పుడూ లేదు. నాకది చెయ్యడమే రాదు."

చిన్నకోడలు ఆమె ముఖంలోకి చూసింది. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. రేపూ నమ్మదు, ఎల్లుండీ నమ్మదు. ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడుతుంది, పెట్టేసిన కాల్‌నే మళ్లీ మళ్లీ పెట్టేస్తూ ఉంటుంది, బతికినన్నాళ్లూ.

ఆ సంగతి పెద్దకోడలికి తెలుసు. అందుకే నిజం చెప్పింది.