యల్లమ్మ పరామర్శ

యల్లమ్మ మేకలకు తుమ్మరెమ్మలు విరిచి వేస్తుండగా యూనివర్సిటీ కారు వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, మేకలను తోడికోడలికి అప్పగించి ఎక్కి కూర్చుంది. పెద్దారవీడు చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా యల్లమ్మ వెళ్లి ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుంటుంది. మేకలు కాయడం, ఇట్లా కూర్చోవడం. ఆమెకు తెలిసిన పనులు ఈ రెండే.

సోషల్ వర్క్ పిల్లలకు ఊళ్లలో పరామర్శించే పద్ధతి నేర్పాలని గిద్దలూరు నుంచి వచ్చిన అరుణకుమారి మేడమ్ కొత్తగా యల్లమ్మతో పాఠం పెట్టింది. డిపార్ట్‌మెంటు హెడ్డు సంజీవరావు ఈ రోజు చూసి, నచ్చకపోతే తీసేస్తానన్నాడు. చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు.

మేడమ్ రాజేష్‌ను పిలిచి, వాళ్ల నాయన పోయినట్టు నటించమంది. రాజేష్ తల పట్టుకుని చతికిలబడ్డాడు. యల్లమ్మ కదల్లేదు.

"మీ నాయన ఏం చేస్తాండాడు?"

"కంభంలో టీ దుకాణం అవ్వా."

"బాగుండాడు గదా. బతికినోణ్ని నేనెట్ల చంపేది? లెయ్."

ఇక నిజంగా పోయినవాళ్లను వెతకాల్సి వచ్చింది. పావని తన తాత పోయాడని చెప్పింది. ఆయన పోయాక ఇంట్లో రెండు పెళ్లిళ్లయ్యాయని తెలిసి యల్లమ్మ ఒప్పుకోలేదు. ఒకడు తన కుక్క చచ్చిపోయిందన్నాడు. యల్లమ్మ కాసేపు ఆలోచించి, మందను కాసే కుక్కా అని అడిగింది. అది సోఫా మీద పడుకునే కుక్క.

హెడ్డు వాచీ చూసుకున్నాడు. పాఠం పోయినట్టేనని మేడమ్ తల దించుకుంది. చివరికి ఆయనే విసుగ్గా, పోయిన నెల తన తల్లి పోయిందని, దాంతో కానివ్వమని అన్నాడు.

యల్లమ్మ వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. పెద్దామె కింద ఉంటే బాగుండదని హెడ్డూ దిగాడు. ప్యాంటు బిగుతై ఒక కాలు చాపాల్సి వచ్చింది. పిల్లలు పెన్నులు పట్టుకున్నారు గానీ రాసుకోవడానికి ఏమీ దొరకలేదు.

చాలాసేపటికి యల్లమ్మ అడిగింది.

"ఏం కూర ఇష్టంగా తినేది మీయమ్మ?"

"గోంగూర" అన్నాడు హెడ్డు. ఆ తర్వాత ఆగలేదు. గోంగూర నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి అక్కలతో తగాదాకు వెళ్లాడు. బెల్లు కొట్టారు. తర్వాతి క్లాసువాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చివరికి తల్లి కోడిని తరుముతూ గడ్డివాములో పడిన సంగతి చెప్పి, తనే నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో యల్లమ్మ లేచి వెళ్లిపోయింది.

"చెప్పకుండానే పోయినాదేంది?" అన్నాడు హెడ్డు కళ్లజోడు తుడుచుకుంటూ.

"చావింటి నుంచి పోయేటప్పుడు పోయొస్తానని చెప్పగూడదు సార్" అంది మేడమ్.

ఆయన లేవలేక చెయ్యి చాపాడు. మేడమ్ పట్టి లేపింది.

"పాఠం ఉండనీ అమ్మా. ఈసారి కింద చాపేయించు."

యల్లమ్మకు కప్పాలని కొన్న శాలువా, కవరు కూడా విప్పకుండా, బల్ల మీద ఉంది.