తలుపుకి వేయాల్సిన చిల్లు

మా అన్నయ్య నార్బర్ట్ చివరికి అడిగింది ఒక్క గ్లాసు బీరు. సీసాలోది కాదు, డబ్బాలోది కాదు. కుళాయి తిప్పితే పీపాలోంచి రావాలి, పైన రెండు వేళ్ళ మందాన నురుగుండాలి. మిల్వాకీలో మా వీధి చివరి బారులో యాభై ఏళ్ళు అలాగే తాగాడు. ఆ బారును పోయిన వేసవిలో మూసేశారు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో వంటింటి పక్కగదిలో మంచం పట్టాడు. ఇంకో వారం అంది ఇంటికొచ్చే నర్సు. మింగడం అంతకంటే ముందే ఆగిపోవచ్చని కూడా చెప్పింది.

"కుళాయి ఉన్న బీరు ఫ్రిజ్ కొత్తది కొనేద్దామా?" అంది వదిన డెల్ఫీన్.

"ఏడు వందల డాలర్లు పోసా? నీకేమైనా పిచ్చా వదినా? కింద పాత ఫ్రిజ్ పడి ఉంది కదా, నేను చేస్తాను."

మా వైపు ఎవరింట్లో చూసినా నేలమాళిగలో బీరు కోసమే రెండో ఫ్రిజ్ ఒకటుంటుంది. పక్కింటాయన చెయ్యేస్తే దాన్ని వంటింట్లోకి ఎక్కించాను. పాతసామాన్ల కొట్లో కుళాయి, గొట్టాలు దొరికాయి. బీరును పైకి తోసే గ్యాస్ సిలిండరు వెల్డింగ్ షాపువాడు ఇచ్చాడు. శనివారం పొద్దున చల్లటి పీపా కూడా తెచ్చేశాను. సాయంత్రానికల్లా గ్లాసు అన్నయ్య చేతిలో ఉండాలి.

అన్నయ్య నలభై ఏళ్ళు ఫ్రిజ్‌లు బాగుచేసిన మనిషి. మంచంలోంచే మొదలుపెట్టాడు.

"ఒరేయ్ క్లారెన్స్, కుళాయి తలుపుకి పెట్టు. గ్యాస్ గొట్టానికి చిల్లు కూడా తలుపుకే వెయ్యి. పక్కగోడల జోలికి పోకు, లోపల చల్లబరిచే గ్యాస్ పైపులుంటాయి."

"తెలుసులే అన్నయ్యా."

"నువ్వు తెలుసులే అంటేనే నాకు భయం. పక్కకే వెయ్యాల్సొస్తే స్పిరిట్‌లో పిండి కలిపి గోడకి పుయ్యి. ఫ్రిజ్ నడుస్తుంటే పైపున్న చోట ఆ వేడికి ముందు ఆరుతుంది. అక్కడ పెన్సిల్‌తో గీసుకుని..."

"ఇక పడుకో. అరవై రెండేళ్ళొచ్చాయి నాకు. ఇంకా చిల్లు వెయ్యడం నేర్పిస్తావా?"

దగ్గుతూనే నవ్వాడు. "పుట్టినప్పట్నుంచీ నేర్పిస్తూనే ఉన్నా. బుర్రకెక్కితేగా!"

ఆ మాట నాకు మండింది. గొట్టం తలుపుకి పెడితే తెరిచినప్పుడల్లా వేలాడుతుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. పక్కగోడకైతే పని నీటుగా ఉంటుంది. పిండి పూసి అది ఆరేదాకా కాచుక్కూర్చునే ఓపిక నాకెక్కడిది? నా మొండితనం తగలెయ్య, డ్రిల్లు పక్కగోడకే పెట్టాను. రేకులోకి దిగింది. ఇంకాస్త గట్టిగా నొక్కాను. బుస్సుమంది. ఆ బుస ఆగడానికి అర నిమిషం పట్టింది. వంటిల్లంతా నూనె వాసన. ఫ్రిజ్ ఇక చల్లబడదు.

"ఎక్కడ వేశావురా?" పక్కగదిలోంచి అడిగాడు అన్నయ్య.

"తలుపుకే."

"మరి ఆ చప్పుడేంటి?"

"సిలిండరు. సరిచూస్తున్నా."

ఆ బుస ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? "సరే," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

అప్పుడైనా వెళ్ళి కొత్తది కొనాల్సింది. కొంటే పాతది చెడగొట్టానని ఒప్పుకోవాలి. అందుకని పీపాను పెరట్లోకి దొర్లించి, కుళాయీ గొట్టమూ దానికే తగిలించి మంచులో పాతిపెట్టాను. ఫిబ్రవరిలో మా ఊళ్ళో చలికేం కరువు? తెల్లారేసరికి గొట్టంలో బీరు గడ్డకట్టింది. లోపలికి తెచ్చి కరిగిస్తే, అంత కదిలించాక ఇంకేముంది, గ్లాసు నిండా నురుగే.

"అయిందా?" ఆదివారం సాయంత్రం అడిగాడు అన్నయ్య. గొంతు సగమే వస్తోంది.

"రేపు."

"నురుగైనా పర్లేదురా. ఇటియ్యి."

"ఆగు అన్నయ్యా. సరిగ్గా వచ్చాకే ఇస్తాను."

ఇవ్వలేదు. ఆ గ్లాసుడు నురుగూ సింకులో పోశాను.

సోమవారం నుంచి ఆయన మింగలేదు. పీపాను పూటకోసారి మంచులోంచి తీస్తూ, మళ్ళీ పెడుతూ మంగళవారానికి కుదిర్చాను. బీరు బంగారంలా వచ్చింది, పైన రెండు వేళ్ళ మందాన నురుగు. నోరు తడిపే స్పంజి పుల్లను వదిన అందులో ముంచి ఆయన పెదాలకి అద్దింది. పెదాలు కదల్లేదు. "అన్నయ్యా, పక్కగోడకే వేశాను, నీతో అబద్ధం చెప్పాను," అన్నాను. విన్నాడో లేదో నాకు తెలియదు. బుధవారం పొద్దున పోయాడు.

శనివారం అంత్యక్రియలయ్యాక చర్చి నుంచి అందరూ ఇంటికొచ్చారు. హామ్ శాండ్‌విచ్‌లు తిన్నారు, వరస కట్టి కుళాయి తిప్పుకున్నారు.

"భలే కుదిర్చావు క్లారెన్స్! అచ్చం మన బారులో బీరే," అన్నాడు పక్కింటాయన. ఇంకో ఇద్దరు వచ్చి నా భుజం తట్టారు.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. సింకు దగ్గర గ్లాసులు కడుగుతున్న వదిన దగ్గరికి వెళ్ళాను.

"తలుపుకి వేసుంటే పోయిన శనివారమే తాగేవాడు వదినా," అన్నాను. కాదంటుందని, నీ తప్పేముంది అంటుందని ఆశపడ్డాను. సిగ్గులేని ఆశ.

వదిన నావైపు తిరగలేదు.

"అవును. తాగేవాడు," అని ఇంకో గ్లాసు అందుకుంది.