దిగులుకు అరగంట

గురువారం సమావేశంలో నీటి పరీక్షల ఫలితాలు నేనే చదవాలి. చదవలేకపోతే మళ్ళీ సీసాలు కడిగే గదికి పంపిస్తానని మేనేజరు గారు ఎంతో మర్యాదగా చెప్పారు. కిందటిసారి నేను లేచాను గానీ గొంతు లేవలేదు. కాగితాలు పక్కనున్న సీనియర్ చేతిలో పెట్టి, మెట్ల దగ్గరకు పరిగెత్తి, గోడకు ఆనుకుని ఊపిరి వెతుక్కున్నాను. మా వంశంలో మొట్టమొదటి డిగ్రీ చూపించిన ప్రతాపం అది.

ఆ తర్వాతే కౌన్సెలర్ మేడమ్ దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఆవిడ నేర్పేవి వింటే, ఈ మాత్రానికి నేను రావాలా అనిపిస్తుంది. ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదలాలట. పాదాలు నేలకు గట్టిగా ఆనించి, కంటికి కనిపించే వస్తువుల పేర్లు మనసులో అనుకోవాలట. అన్నిటికంటే వింత, దిగులుకు ఒక వేళ పెట్టాలట.

"రోజంతా దిగులు పడకు. సాయంత్రం అరగంట కేటాయించుకో. మధ్యలో వస్తే, సాయంత్రం రమ్మని పంపెయ్," అన్నారు.

ఇంటికొచ్చి చెబితే, కుట్టుమిషను మీద కాలర్లు కుడుతున్న అమ్మ తలెత్తలేదు.

"దిగులుకి టైం ఏంటే? నాకు పెళ్ళైన దగ్గర్నుంచీ ఫుల్ డ్యూటీ. సెలవు కూడా లేదు."

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. అక్షరాలున్న ప్రతి కాగితం, ఆఫీసులకు చేయాల్సిన ప్రతి ఫోను నావి. చదువుకున్నది నేనే కదా. ఆ లెక్కన దిగులు పడడం కూడా నేను పద్ధతిగా నేర్చుకొచ్చానని ఇంట్లోవాళ్ళు తేల్చుకున్నారు. ఇక వాళ్ళెందుకు శ్రమపడాలి?

మర్నాడు సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నానో లేదో, మాతోనే ఉండే పిన్ని మోకాలి ఎక్స్‌రే తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"ఎలాగూ కూర్చున్నావుగా, నా దిగులు కూడా నువ్వే పడిపెట్టు. నువ్వైతే నీట్‌గా పడతావు."

వెనకే నాన్న వచ్చారు. "బండి ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరకొచ్చిందమ్మా. బ్రేకులు సరిగా లేవు. అది కూడా కాస్త చూసుకో."

బ్రేకుల దిగులు నాకప్పగించి ఆయన హాయిగా నిద్రపోయారు. నా అరగంటలో నా దిగులు వంతు రానే లేదు. అది రాత్రి పక్కమీదికి వచ్చి కూర్చుంది.

బుధవారం బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. మా ఇంట్లో గడియ సరిగా పడే తలుపు అదొక్కటే. గొంతు పట్టేస్తే ఏమవుతుంది, అందరూ చూస్తే ఏమవుతుంది అని మేడమ్ చెప్పినట్టు ఒక్కొక్కటే విడదీస్తున్నాను. తలుపు చప్పుడైంది.

"ఇంకా ఎంతసేపే? పిన్ని మోకాలి సంగతి మర్చిపోకు," అంది అమ్మ.

తలుపు తీశాను.

"మోకాలు డాక్టరుకి చూపిద్దాం. బ్రేకులు మెకానిక్‌కి చూపిద్దాం. ఈ అరగంట మాత్రం నాది. మీ దిగుళ్ళు మీరే పడండి."

అమ్మ పిన్ని వైపు తిరిగింది.

"విన్నావుగా, పట్టా పుచ్చుకున్న గొంతు."

"గట్టిగానే ఉందే అక్కా. ఆఫీసులోనే మూగదవుతుందట," అంది పిన్ని.

గురువారం లేచి నిలబడ్డాను. మొదటి పట్టిక బాగానే చదివాను. రెండోదానికి గొంతు పట్టేసింది. మెట్లు ఎటున్నాయో కాళ్ళకు బాగా తెలుసు. వాటిని నేలకు అదిమిపెట్టాను. ఊపిరి నెమ్మదిగా వదిలాను. పిడి విరిగిన కప్పు. ఏసీకి కట్టిన ఎర్ర రిబ్బను. మేనేజరు గారి జేబుమీద సిరా మరక. గొంతు వచ్చింది. మేకపిల్ల గొంతులాంటిదే, కానీ నాదే. వణుకుతూనే మూడో పట్టిక దాటాను.

"తూర్పు ట్యాంకులో ఇనుము ఎందుకు పెరిగింది?" మేనేజరు గారు అడిగారు.

నేను ఎన్నో రాత్రులు భయపడిన ప్రశ్న అలాంటిదే.

"తెలీదు సార్. మళ్ళీ శాంపిల్ తీసి చూసి చెప్తాను."

పైకప్పు కూలలేదు. భూమి చీలలేదు. అంత నమ్మకంగా ఎదురుచూసినందుకు కాస్త అవమానంగా కూడా అనిపించింది. ఆయన తల ఊపి రాసుకున్నారు.

"గొంతు వణికింది గానీ లెక్కలు సరిగ్గా ఉన్నాయి. ఇకనుంచి ప్రతి నెలా నువ్వే చదువు."

"అలాగే సార్," అన్నాను. నిజంగా వణకాల్సిన మాట అది. అది మాత్రం స్పష్టంగా పలికింది.