తప్పిన పోటు

రాత్రంతా దగ్గి ఊసిన తెమడ ముంతలను ఒక్కొక్కటే తట్టలో పేర్చుకొని ఏసమ్మ వెనక దొడ్లోకి నడిచింది. వాటిని గుంటలోకి వంపి, పైన సున్నం చల్లి, ఖాళీ ముంతలను మరుగుతున్న నీళ్లలో వేసింది. మొత్తం పదకొండు ముంతలు. దవాఖానలో మంచాలు మాత్రం ఎనిమిదే. మిగిలిన ముగ్గురూ వరండాలో చాపల మీద ఉన్నారు.

సూర్యాపేటలో కోదాడ బాట పక్కన, ఒక పెంకుటింట్లో క్రైస్తవ మిషను వాళ్లు నడిపే చిన్న దవాఖాన అది. ఏసమ్మ అక్కడ పద్దెనిమిదేళ్లుగా ఆయా. పొట్టి మనిషి. ఎవరు పలకరించినా ముందు తల వంచి, తర్వాత మాట్లాడే మనిషి. సున్నానికీ వేడినీళ్లకూ అరచేతులు పగిలి బీటలు వారాయి. కుడిచేతి మూడు వేళ్ల కొసలకు మాత్రం రోజూ ఆముదం రాసుకునేది. నాడి పట్టే వేళ్లు మొద్దుబారకూడదని మొదట్లో పనిచేసిన నర్సమ్మ చెప్పింది. ఆ నర్సమ్మ వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయింది. ఏసమ్మ ఆముదం మానలేదు.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన తర్వాతి చలికాలం. త్రిపురారం వైపు మొదలైన దగ్గుజ్వరం ఊరూరా పాకింది. రెండు రోజులు ఒళ్లునొప్పులు, మూడోనాటికి నిమ్ము. పెన్సిలిన్ సూదులు వచ్చాయి గదా అని జనం ధైర్యపడ్డారు గానీ ఈ నిమ్ము సూదికి లొంగలేదు. "ఇది వైరస్ జ్వరం ఏసమ్మా. సూది దీన్ని ముట్టదు. ఒంట్లో బలమే గెలవాలి" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ పేరు ఏసమ్మకు నోరు తిరగలేదు. మందు లేదన్న సంగతి మాత్రం అర్థమైంది.

మూడో మంచం మీది బాల్యాను ఆత్మకూరు దగ్గరి తండా నుంచి తొమ్మిది రోజుల కింద తెచ్చారు. పశువులు కాసుకునే మనిషి, నలభై లోపే. తెచ్చిన రోజున పెదవులు నేరేడు పండ్లలా ఉన్నాయి. ఈ పొద్దున జ్వరం దిగింది. గోడకు ఒరిగి కూర్చొని జావ తాగాడు.

"అక్కా, మీ దవాఖానల ఉప్పుకు కరువొచ్చిందా?" అన్నాడు.

అతని భార్య సక్రి తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. మోచేతుల దాకా ఉన్న గాజులు గలగలమన్నాయి. "పగటాల్లకు మా మరిది బండి తెస్తడు. ఇయ్యాల ఇంటికి పోతం" అన్నది.

ఏసమ్మ కూడా నవ్వి, గిన్నె అందుకొని, అతని చెయ్యి తుడిచి, అలవాటు కొద్దీ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించింది.

నాడి నడిచింది. నడిచి, నడిచి, ఆగింది. ఏసమ్మ ఊపిరి బిగబట్టేంత సేపు ఆగింది. తర్వాత రెండు పోట్లు ఒకదాని మీద ఒకటి పడి పరుగెత్తాయి.

ఆమెకు గడియారం చూడరాదు. చిన్నప్పుడు మేనత్తతో కలిసి ఒకే రోట్లో రెండు రోకళ్లతో వడ్లు దంచేది. ఒకరి పోటు తప్పితే రెండో వారి చేతికి ముందే తెలిసిపోతుంది. నాడి కూడా ఆమెకు అట్లాగే తెలుసు. ఇప్పుడు పోటు తప్పింది.



ఏసమ్మకు ఏడేళ్లప్పుడు ఊళ్లను ఊడ్చిపెట్టిన పెద్దజ్వరం వచ్చింది. తల్లి కాటమ్మ పన్నెండు రోజులు పడి లేచింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ సాయంత్రం తల్లి ఆమెను ముందు కూర్చోబెట్టుకొని తల దువ్వుతూ, ఒక చిక్కు దగ్గర ఆపి, "జర ఆగు బిడ్డా, గుండె ఎట్లనో అయితున్నది" అన్నది. ఏసమ్మ ఆగింది. దువ్వెన జుట్టులోనే ఉంది. ఎంతసేపటికీ కదలకపోతే అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

అప్పటి నుంచి ఆమెకు జ్వరంతో కాలిపోయేవాళ్లను చూస్తే భయం లేదు. జ్వరం దిగి నవ్వేవాళ్లను చూస్తేనే భయం.

డాక్టరమ్మ తెల్లవారుతూనే హుజూర్‌నగర్ పోయింది. దీపాల వేళకు గానీ రాదు. ఏసమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని కాంపౌండర్ కృష్ణమూర్తి దగ్గరికి పోయింది.

"అయ్యా, బాల్యా నాడి తడబడుతున్నది. డాక్టరమ్మ వచ్చేదాక పంపకుండ్రి."

కృష్ణమూర్తి కోదాడ మనిషి, చెడ్డవాడు కాదు. మూడు రాత్రుల నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వచ్చి, మణికట్టు పట్టి, గడియారం చూశాడు. అతను పట్టినంత సేపూ నాడి బుద్ధిగా నడిచింది.

"తొంభై. జ్వరం దిగిన నీరసం, అంతే. నువ్వు భయపడి వాళ్లని భయపెట్టకు. మిర్యాలగూడ నుంచి ఒకావిడ్ని తీసుకొస్తున్నారు. మంచం ఖాళీ అవ్వగానే దుప్పటి మార్చు."

ఏసమ్మ తల వంచింది.

ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. ఇరవై ఏళ్ల వయసులో కాన్పు కోసం ఇదే దవాఖానకు వచ్చింది. బిడ్డ దక్కలేదు. భర్త శంకరయ్య ఒకసారి వచ్చి, గడపలో నిలబడి చూసి, వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పదోరోజు లేచి ఎటు పోవాలో తెలియక మూలనున్న చీపురు అందుకున్నది. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఎవరికైనా ఆ సంగతి గుర్తుకొచ్చి పొమ్మంటారేమోనని ఇన్నేళ్లూ లోలోపల బెదురుతూనే ఉంది.

మధ్యాహ్నానికి వాకిట్లో బండి ఆగింది. బాల్యా లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేసి, తలుపు చెక్క పట్టుకొని, సిగ్గుపడ్డట్టు నవ్వాడు. అతని మెడ మీద నరం ఉండుండి గంతులు వేయడం ఏసమ్మకు దూరం నుంచే కనిపించింది.

ఆమె పోయి గడపకు అడ్డంగా నిలబడింది.

"పోలేరు" అన్నది.

"ఏమైందక్కా?" అన్నది సక్రి.

"డాక్టరమ్మ చీటీ లేకుంటే మిలిటరోళ్లు బాట మీద పోనిస్తలేరు. జ్వరమొచ్చినోళ్లను బండ్లకెల్లి దించి క్యాంపుల ఏస్తున్నరు."

అబద్ధం. అది నోరు దాటాకే ఆమెకూ తెలిసింది.

సక్రి మొగుడి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. కమ్యూనిస్టులకు అన్నం పెట్టారని పోయిన నెల మిలిటరీ వాళ్లు వాళ్ల తండాలో ఇద్దరిని పట్టుకుపోయారు. ఒకడు ఇంకా తిరిగి రాలేదు. బాల్యా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మరిది వాకిట్లో ఎడ్లను విప్పాడు. కృష్ణమూర్తి విసుక్కొని, మిర్యాలగూడ ఆమెకు వరండాలో ఇంకో చాప వేయించాడు.

ఏసమ్మ మళ్లీ నాడి పట్టింది. అది ఇప్పుడు పొద్దటి కంటే వడిగా ఉరుకుతూ, పొద్దటి కంటే ఎక్కువసార్లు పడిపోతోంది. అతని అరచేతిలో చెమట. ఆ భయం పెట్టింది తానే. నిజం చెబితే బండెక్కుతాడు, చెప్పకుంటే ఇట్లా వణుకుతాడు. రెంటికీ మధ్య, ఏ పని మీద పోయినా తిరిగి తిరిగి వచ్చి ఆ మంచం పక్కనే కూర్చుంది.

"అక్కా, మిలిటరోళ్లు గీడికి గిట్ల వస్తరా?" అని అడిగాడు బాల్యా.

"రారు. నేనున్న గద."

"గుండెల కోడిపిల్ల కొట్టుకుంటున్నట్టున్నది."

"పండుకో. మాట్లాడకు."



దీపాలు పెట్టే వేళకు డాక్టరమ్మ వచ్చింది. విషయం విని, చెప్పులైనా విడవకుండా బాల్యా ఛాతీ మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. లేచి, ఏసమ్మను వరండాలోకి పిలిచింది.

"నువ్వు పట్టింది నిజమే. ఊపిరితిత్తుల్లో వాపు గుండె కండకు కూడా వచ్చింది. పట్నంలో అయితే గుండె నడకను కాగితం మీద గీసే యంత్రం ఉంది. ఇక్కడ నీ వేళ్లే. బండెక్కి ఉంటే కుదుపులకు దారిలోనే పోయేవాడు."

"బతుకుతడా అమ్మా?"

డాక్టరమ్మ గొట్టాన్ని మెల్లగా చుట్టుకుంది. "ఈ రెండు రోజులు గడవాలి."

బాల్యాను వెల్లకిలా పడుకోబెట్టారు. చెయ్యి కూడా లేపొద్దన్నారు. సక్రి చెంచాతో నీళ్లు పోస్తోంది. అతను తమ నల్లపెయ్య ఈనిందో లేదో అని అడిగాడు. ఇంకా పది రోజులు పడుతుందని సక్రి తమ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. ఆ భాషలో నాలుగు ముక్కలు ఏసమ్మకు తెలుసు. బాల్యా చెయ్యి ఏసమ్మ వేళ్ల కింద ఉంది.

పోటు. పోటు. ఖాళీ. పోటు. రెండు పోట్లు ఒక్కసారే.

ఖాళీ.

ఏసమ్మ ఏడేళ్ల పిల్లలా కదలకుండా కూర్చొని తర్వాతి పోటు కోసం ఎదురుచూసింది. సక్రి ఇంకా పెయ్య సంగతే చెబుతోంది.

ఏడుపులు అయ్యాయి. పొద్దుగూకాక బాట మీద బండ్లు నడవనివ్వరు గనుక తెల్లవారేదాకా ఆగారు. ఎడ్లను కడుతుండగా సక్రి, వాచిన కళ్లతో, ఏసమ్మ దగ్గరికి వచ్చింది.

"చీటీ ఇప్పియ్యక్కా. ఇగ తీస్కపోతం."

ఏసమ్మ ఈసారి తల వంచలేదు. "చీటీ ఏం వద్దు. నేనే అబద్ధమాడిన. బండెక్కితె పానం పోతదని భయమైంది."

తిడుతుందనుకుంది ఏసమ్మ, కొడుతుందనుకుంది.

"నాకన్న చెప్పకపోతివి."

"చచ్చిపోతడని ఎట్ల చెప్పాలె సక్రీ?"

"చెప్తే ఆయనతోని నాలుగు మాటలు మాట్లాడుకుందును. దినమంత మిలిటరోళ్ల సంగతే మాట్లాడుకుంటిమి" అన్నది సక్రి. తర్వాత, ఎందుకో, ఏసమ్మ చేతి వేళ్లను ఒకసారి గట్టిగా పట్టుకొని వదిలి, బండి వెనక నడిచింది.

బండి మలుపు తిరిగేదాకా ఏసమ్మ వాకిట్లోనే ఉంది. లోపల మిర్యాలగూడ ఆమె దగ్గుతోంది. మంచం సిద్ధం చెయ్యమని కృష్ణమూర్తి మెల్లగా అన్నాడు. నిన్నటి గొంతు కాదు అది.

ఆమె దుప్పటి లాగి, దిండు గలీబు విప్పి, ఉడకబెట్టాల్సిన తట్టలో వేసింది. మంచాన్ని తుడవడానికి గోడ నుంచి జరిపినప్పుడు కిటికీ చువ్వల సందులో దోపి ఉన్న వేపపుల్ల కనిపించింది. పోలేమని తెలిశాక, మరునాటి పొద్దుటికని సక్రితో తెప్పించి పెట్టుకున్నాడు కాబోలు. జానెడు పుల్ల, ఒకవైపు నున్నగా గీకి ఉంది. రెండోవైపు తుంచడం మరిచిన రెండాకులు ఇంకా వాడలేదు.