అన్ని పనుల చెయ్యి

కోడలు ఏడాదిగా ఒక ఆట తయారుచేస్తోంది. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట. రేపు పొద్దున్నే నియమాల పుస్తకం అచ్చుకు వెళ్లాలి. ఒక్క విద్య మాత్రం ఆమె ప్రాణం తోడేస్తోంది. దాని పేరు 'అన్ని పనుల చెయ్యి'. అది ఉన్నవాడు ఏ పనికైనా పాచికలు వేయొచ్చు.

ఆ విద్య ఉన్న పాత్ర మామగారిది. ఆయన ముప్పై ఏళ్లు బడిలో పనిచేశారు. పంపు బాగుచేయడం, గంట కొట్టడం, టీచరు రాకపోతే పిల్లల చేత ఎక్కాలు చదివించడం, అన్నీ ఆయనే. ఉద్యోగం కాగితంలో మాత్రం 'ఇతర పనులు' అని ముక్తసరిగా రాసి ఊరుకున్నారు.

"తాళాలూ నాన్నే తీసి, గాయాలకు కట్లూ నాన్నే కడితే మేమెందుకు వదినా, గోళ్లు గిల్లుకోడానికా?" అని ఆడపడుచు పోయినవారమే దెప్పింది. ఆమెది తాళాలు తీసే పాత్ర. మాట నిజమే. అందుకే కోడలు ఆ విద్య మీద పెన్సిలుతో అడ్డగీత గీసేసింది. ఆ సంగతి మామగారికి చెప్పలేక నీళ్లు నములుతోంది.

ఇవాళ ఆదివారం, అచ్చుకు ముందు ఆఖరి ఆట. కథలో నేలమాళిగలో నీళ్లు మెడదాకా వచ్చాయి. తలుపుకు తాళం. ఒక్కసారే ప్రయత్నించొచ్చు, పది పడాలి. ఆడపడుచు పాచికలు తండ్రి ముందుకు తోసింది.

"నువ్వే తీసెయ్ నాన్నా, నాకు భయంగా ఉంది."

"తాళం పని నీది తల్లీ. నేను దీపం పట్టుకుంటాను. తడిసిన తలుపు ఉబ్బుతుంది కదా, ముందు భుజంతో పైకెత్తి పట్టుకుంటా, అప్పుడు తిప్పు." ఆయన కోడలి వైపు తిరిగారు. "దీనికేమైనా కలుపుతావా అమ్మాయ్?"

"రెండు," అంది కోడలు, ఆలోచించకుండానే.

ఎనిమిది పడింది. రెండు కలిపితే పది. "తీశాను! నేనే తీశాను!" అని ఆడపడుచు కుర్చీలోంచి గంతేసింది. మామగారు ఆమెకంటే ఎక్కువ సంబరపడ్డారు. ఆయన్ని చూస్తుంటే కోడలికి ముచ్చటేసింది. కళ్లెదుట పెట్టుకుని ఏడాదిగా ఇది గమనించనందుకు తన మీద తనకే కోపమూ వచ్చింది.

ఆట ముగిశాక ఆయన మెల్లగా అన్నారు.

"పెన్సిలు గీత చూశానులే. నా విద్య కొట్టేశావు కదూ? పర్లేదమ్మా, ఆట బాగుండాలి."

"గీత చెరిపేశాను మామయ్యా. కింద రాసింది చదవండి."

'ఒంటరిగా చేస్తే సగం బలం. పని తెలిసినవాడి పక్కన నిలబడితే, వాడికి రెండు అదనం.'

ఆయన రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నా ఉద్యోగం కాగితంలో కూడా ఇలా రాసుంటే బాగుండేదమ్మా."