మునగపాక రోడ్డు పట్టిన క్యూ

కుమారిని షెడ్డులోంచి మోసుకొచ్చి గేటు బయట గడ్డి మీద పడేశారు. పడేసినవాళ్ళూ కూలీలే. పడేయమన్నవాడు షెడ్డు యజమాని త్రినాధరావు.

"గేటెయ్యండి" అన్నాడు. "ఆ పిల్ల మన మనిషి కాదు. మంచినీళ్ళకని వచ్చి కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరడిగినా ఇదే మాట. తెలిసిందా?"

మిట్టమధ్యాహ్నం. రోడ్డుకి అవతల చెరకుతోటకి నీరు కడుతున్న దేముడు పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అంతా అతని కళ్ళెదుటే జరిగింది. ఆ పిల్లకి ఇరవై ఏళ్ళు నిండలేదు. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఊపిరి అందడం లేదు. నోటి వెంట నురగ వస్తోంది. గేటు లోపల పాతికమంది ఆడవాళ్ళు చేతుల్లో సుత్తులతో నిలబడి చూస్తున్నారు.

వాళ్ళలోంచి తలుపులమ్మ ముందుకొచ్చింది. కుమారి ఆమె ఆడపడుచు కూతురు.

"గేటు దాటితే మళ్ళీ లోపలికి రానివ్వను" అన్నాడు త్రినాధరావు.

"నీ గేటు నీకాడే ఉంచుకో" అని తలుపులమ్మ బయటికి వచ్చేసింది. దేముడు పార గట్టు మీద పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి పిల్లని అటుగా పోతున్న ఆటోలోకి ఎక్కించారు.

అది రెండువేల ఎనిమిది, వేసవి. అనకాపల్లి నుంచి మునగపాక పోయే రోడ్డులో, మూతపడ్డ ఒక రైసుమిల్లులో ఆ షెడ్డు నడిచేది. మేఘవాణి అనే సెల్‌ఫోన్ల కంపెనీ అప్పట్లో ఊరూరా ఎక్స్ఛేంజి మేళాలు పెట్టేది. పాత ఫోను ఇచ్చి కెమెరా ఉన్న కొత్త ఫోను పట్టుకెళ్ళమనేది. పాతవాటిని ప్రకృతికి హాని లేకుండా చూసుకుంటామని బ్యానర్ల మీద ఆకుపచ్చ అక్షరాలతో రాయించేది. ఆ పాత ఫోన్లు గోనెసంచుల్లో త్రినాధరావు షెడ్డుకొచ్చేవి. ఆడవాళ్ళు వాటిని సుత్తులతో పగలగొట్టేవారు. లోపలి బోర్డుల్ని యాసిడ్ తొట్లలో ముంచేవారు. బోర్డుల మీద పూసిన కాస్త బంగారం కోసం ఈ పనంతా. బంగారం త్రినాధరావు కారులో పోయేది. యాసిడ్ మురుగు పక్కనే పారే గెడ్డలోకి పోయేది. పొగ ఆడవాళ్ళ గుండెల్లోకి పోయేది. ఆ రోజు తొట్టి పొంగి, లేచిన ఎర్రటి పొగలో కుమారి చిక్కుకుపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది ఒకటే. "ఏ యాసిడ్? పేరు చెప్పండి. దాన్నిబట్టి మందివ్వాలి."

తలుపులమ్మకి తెలీదు. షెడ్డులో ఎవరికీ తెలీదు. డ్రమ్ముల మీది కాగితాలు గీకేసి ఉండేవి. ఆమె బయటికి పరిగెత్తి కాయిన్ ఫోన్ నుంచి త్రినాధరావుకి ఫోను చేసింది.

"బాబూ, పిల్ల సచ్చిపోతాది. పోలీసులకి సెప్పను, ఎవలకీ సెప్పను. ఆ తొట్లో ఏటున్నాదో ఒక్క మాట సెప్పు."

"ఏ తొట్టి? ఏ పిల్ల?" అన్నాడు అవతల్నించి. ఫోను పెట్టేశాడు.

ఆమె రిసీవరు తగిలించి ఆసుపత్రిలోకి పరిగెత్తింది. బతిమాలడం ఆమెకి అదే ఆఖరుసారి.

కుమారిని విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. ప్రాణం నిలబడింది. గొంతు పోయింది. గొంతూ ఊపిరితిత్తులూ కాలిపోయాయని, ఇక మీదట గుసగుసగా తప్ప మాట్లాడలేదని అక్కడి డాక్టర్లు చెప్పారు.

తలుపులమ్మ ఊరికి తిరిగొచ్చిన సాయంత్రం ఆమె వాకిట్లో జనం చేరారు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు ఒకపక్క, గెడ్డ కింది రైతులు ఇంకోపక్క. మొదట్లో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"షెడ్డు మూయించాల" అన్నాడు దేముడు. "గెడ్డనీళ్ళు తాగి నా గేదె సచ్చిపోనాది. మడి మాడిపోతన్నాది. ఇంక మాటల్లేవు."

కృపావతి లేచింది. తలుపులమ్మ పక్కనే కూర్చుని బోర్డులు పగలగొట్టే మనిషి. మాట కరుకు. "మూసేత్తే మాకు కూడెవలెడతారు దేముడన్నా? నీ తోటలో ఏడాది పొడుగునా పనిత్తావా? పరవాడ కంపినీలకెల్తే పేరు సూసి ఒకడు, ఊరు సూసి ఒకడు పొమ్మన్నాడు. షెడ్డు తప్ప మాకేటున్నాది?"

"అయితే గెడ్డలో ఇసం పోత్తారా? పోసింది మీ సేతులే కదా?" అన్నాడు రైతుల్లో ఒకడు.

"సేతులు మాయే. పొయ్యమన్న నోరెవలిది?"

గొడవ పెరిగింది. రైతులు లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళూ లేచారు. తలుపులమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"కూకోండి. మనం మనం కొట్టుకుంటే ఆడు ఫేను కింద సుకంగా పడుకుంటాడు. నాను పని మానీమనట్లేదు, గెడ్డ ఎలాగపోతే మనకేటనీ అనట్లేదు. ఏ యాసిడ్డో సెప్పనోడి కింద మాత్రం ఇంక పని సెయ్యను. కుమారి రేపు మన కాడికొచ్చి, అత్తా ఏటి సేసేరని అడిగితే, దేముడూ కృపావతీ తిట్టుకున్నారని సెప్పమంటారేటి?"

దేముడు తుండుగుడ్డ దులిపి కూర్చున్నాడు.

కృపావతి మేనల్లుడు బెన్‌హర్ డిగ్రీ చదువుతున్నాడు. విద్యార్థి సంఘంలో ఉన్నాడు. స్నేహితుడు మోహిత్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. జేబులోంచి కొత్త ఫోను తీసి చాప మీద పెట్టాడు.

"ఇది పోయిన మేళాలో కొన్నాను. నా పాతది వాళ్ళకిచ్చేశాను. అది ఎక్కడికెళ్తాదని నేనడగలేదు. మా కాలేజీలో ఎవడూ అడగలేదు. కుమారి పగలగొట్టినవాటిలో నాదీ ఉండుంటాది."

"అయితే ఇప్పుడేటి సెయ్యాలి? సెల్లులు గెడ్డలో పారెయ్యాలా?" అన్నాడు మోహిత్. "మనం పదిమంది కొనడం మానేస్తే అంత పెద్ద కంపెనీకి చీమ కుట్టినట్టైనా ఉండదురా."

"పదిమందయితే ఉండదు. మేళాకి వచ్చినోళ్ళంతా అడిగితే?" అన్నాడు బెన్‌హర్. "వాళ్ళకి మన సంఘమంటే భయం లేదు, పంచాయతీ అంటే భయం లేదు. కొనేవాడు మొహం తిప్పుకుంటాడేమోనని మాత్రం హడలిపోతారు. అందుకే గదా ఆ ఆకుపచ్చ అక్షరాలు."

తలుపులమ్మ ఆ ఫోనుని చేత్తో తీసి చూసింది. "కొనుక్కోండి బాబూ. మాకూ ఒకటుంటే బాగున్ను. పాతది మాత్రం ఊరికే ఇచ్చీకండి. ఎవల మీద పడతాదో అడిగి ఇవ్వండి. మేం పని ఆపుతాం. మీరు ఇవ్వడం ఆపండి."

ఆ ఆదివారమే అనకాపల్లిలో మళ్ళీ మేళా. అక్కడికెళ్ళి జనానికి చెప్పాలని ఖాయమైంది.

ఆదివారం పొద్దున రింగురోడ్డు పక్క మైదానంలో షామియానా వేశారు. మైకులో పాటలు. పాత ఫోన్లు పట్టుకున్న జనం క్యూ రోడ్డు దాకా వచ్చింది. మేస్త్రీలు, టీచర్లు, బెల్లం మార్కెట్టు కళాసీలు, కాలేజీ పిల్లలు. వేదిక మీద హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ మేనేజరు కూర్చున్నాడు. పక్క కుర్చీలో త్రినాధరావు.

షెడ్డు ఆడవాళ్ళు వచ్చి క్యూ పక్కన బారుగా నిలబడ్డారు. నినాదాలు లేవు. పసుపుపచ్చగా మాడిపోయిన అరచేతులు తిప్పి చూపిస్తూ నిలబడ్డారు. విద్యార్థులు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఆ చేతుల సంగతి చెప్పడం మొదలెట్టారు.

క్యూలో కొందరు విసుక్కున్నారు. "మీ గొడవలు మీ యజమానితో చూసుకోండమ్మా. ఎండలో మేమెందుకు మాడాలి?" అంది ఒక టీచరమ్మ. ఇంకొకాయన ఫోను వెనక్కి జేబులో పెట్టుకున్నాడు కానీ క్యూలోంచి మాత్రం కదల్లేదు.

సి.ఐ. సూర్యనారాయణ జీపు దిగాడు. మేనేజరు మైకు తీసుకున్నాడు.

"ఈ మహిళలంటే మాకు సానుభూతి ఉంది. కానీ వీళ్ళకీ కంపెనీకీ సంబంధం లేదు. పాత ఫోన్లు మేం వెండరుకిస్తాం. ఆ తర్వాత ఏం జరిగినా అది వెండరు బాధ్యత."

తలుపులమ్మ వేదిక ముందుకి వెళ్ళింది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది.

"ఆ ఎండరు నీ పక్కనే కూకున్నాడు బాబూ. ఆడేమో కుమారి నా మనిషి కాదంతాడు. నువ్వేమో ఆడు నా మనిషి కాదంతావు. మరి ఆ పిల్ల గొంతు ఎవలు తినీసినట్టు?"

పాటలు ఆగిపోయాయి. మేనేజరు త్రినాధరావు వైపు చూశాడు. త్రినాధరావు సి.ఐ. వైపు చూశాడు. సి.ఐ. కానిస్టేబుళ్ళకి సైగ చేశాడు.

అప్పుడు క్యూ ముందు నిలబడ్డ మనిషి కదిలాడు. పేరు సత్తియ్య. బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే కళాసీ. పొద్దున్నే వచ్చి మొదటి చోటు పట్టుకున్నాడు. చేతిలో బటన్లు అరిగిపోయిన ఫోను.

"బాబూ, ఇది నాకెంతో అక్కరకొచ్చిన సెల్లు" అన్నాడు మేనేజరుతో. "ఎక్కడికెల్తాదో ఓపాలి సూపించు. సూసి ఇచ్చేత్తాను."

"అలా కుదరదండీ."

"ఏం? ఎంత దూరం? మునగపాక రోడ్డే కదా అంతన్నారు."

"చెప్పాను కదా, కుదరదు."

"నువ్వు సూపించకపోతే మేమే సూసుకుంటాం" అని సత్తియ్య వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. వెనక కళాసీలు అతని వెంట నడిచారు. కాలేజీ పిల్లలు నడిచారు. చూద్దామనుకున్నవాళ్ళు, కోపం వచ్చినవాళ్ళు, ఏం జరుగుతుందో తెలియనివాళ్ళు కూడా నడిచారు. ముందుది వెనక అయింది, వెనకది ముందయింది. మేళాకి వచ్చిన క్యూ మునగపాక రోడ్డు పట్టింది. విసుక్కున్న టీచరమ్మ కొంగు నెత్తిన వేసుకుని ఆ గుంపులోనే వస్తోంది.

నడిచేవాళ్ళు నడిచారు, సైకిళ్ళ మీద, ఆటోల్లో వచ్చేవాళ్ళు వచ్చారు. షెడ్డు దగ్గరికి చేరేసరికి గేటుకి తాళం ఉంది. ముందు త్రినాధరావు మనుషులు కర్రలతో ఉన్నారు. జనం ఆగారు. వెనక నుంచి జీపు శబ్దం వినిపిస్తోంది.

దేముడు తన తోట గట్టు మీద నిలబడి ఉన్నాడు. "గేటుతో పని నేదు. ఈ తోటలోంచి చుట్టు తిరిగెల్తే, ఆళ్ళకి కనపడకండా రోడ్డు తూముకాడ అటు దాటొచ్చు. షెడ్డు ఎనకాల గోడ పడిపోయున్నాది" అన్నాడు.

నిలువెత్తు చెరకు. ఏడాది కష్టం. జనం తటపటాయించారు.

"తొక్కండి" అన్నాడు దేముడు. తనే ముందు దిగాడు.

చెరకు విరిగే చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. తూము దగ్గర రోడ్డు దాటి, కూలిన గోడ మీంచి లోపలికి వెళ్ళిన మొదటివాళ్ళు ముక్కులు మూసుకున్నారు. కప్పు దాకా పేర్చిన సంచులు. ఇంకా పొగలు కక్కుతున్న తొట్లు. నేలంతా పచ్చటి తడి. ఒక మూల చిన్న గుడ్డ ఉయ్యాల కట్టి ఉంది, పాలు తాగే బిడ్డలున్న తల్లులు కట్టుకున్నది. టీచరమ్మ ఆ ఉయ్యాల ముందు నిలబడి ఎంతసేపటికీ కదల్లేదు. బెన్‌హర్ మేళాలో కొన్న ఆ కెమెరా ఫోనుతోనే అన్నీ ఫోటోలు తీశాడు.

సత్తియ్య తన ఫోను మళ్ళీ లుంగీలో దోపుకున్నాడు. "నానివ్వను" అన్నాడు. అందరూ అదే మాట అన్నారు. ముందు మామూలుగా, తర్వాత గట్టిగా, తర్వాత కప్పు అదిరేలా. "ఇవ్వం, ఇవ్వం."

పోలీసులు లాఠీలతో వచ్చారు. ముందు ఆడవాళ్ళ మీద పడ్డాయి దెబ్బలు. కళాసీలు అడ్డం నిలబడి వీపుల మీద కాచుకున్నారు. పరాయి ఆస్తిలో చొరబడినందుకు తలుపులమ్మనీ, బెన్‌హర్‌నీ అరెస్టు చేస్తున్నామన్నాడు సి.ఐ. పిల్ల గొంతు కాల్చినవాడి మీద మాత్రం ఏ కేసూ లేదు.

వ్యాను ఎక్కుతూ తలుపులమ్మ కృపావతిని పిలిచింది.

"ఒలే, గెలిసీసేం అనుకోకండి. ఆడు ఈడ మూసీసి ఇంకోకాడ తెరుత్తాడు. ఆడెక్కడికెల్తే అక్కడికెల్లండి."

ఆమె అన్నట్టే అయింది. బెన్‌హర్ మోహిత్‌కి అందించిన ఫోనులోని ఫోటోలు పేపర్లలో పడ్డాయి. మేళాల్లో జనం పల్చబడ్డారు. త్రినాధరావుతో తమకిక సంబంధం లేదని కంపెనీ ప్రకటన ఇచ్చింది. షెడ్డులో తొట్లు మాత్రం లారీలెక్కాయి. నక్కపల్లి దగ్గర సముద్రం ఒడ్డున రాజయ్యపేటలో పాత ఐసు ఫ్యాక్టరీ అద్దెకి తీసుకున్నారని, బోర్డు మీద వేరే పేరు రాశారని లారీ డ్రైవర్లు చెప్పారు.

తలుపులమ్మకీ, బెన్‌హర్‌కీ ఇంకా బెయిలు రాలేదు. కృపావతి మిగతా ఆడవాళ్ళని తీసుకుని రాజయ్యపేట బయల్దేరింది. ఆసుపత్రి నుంచి వచ్చిన కుమారి తనూ వస్తానని చేత్తో సైగ చేసింది. వద్దన్నా వినలేదు.

ఊరి మొదట్లో, ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళకి పెద్ద అప్పలకొండమ్మ. సంగతి విని ముఖం చిట్లించింది.

"ఇక్కడ ఉజ్జోగాలిత్తామన్నారు. యాటకెల్తే సేపలు నేవు. మా నోటికాడ కూడు తన్నీడానికొచ్చేరా మీరు?"

కృపావతి గట్టిగానే జవాబు చెప్పబోయింది. కుమారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తనే ముందుకొచ్చి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఏమీ వినిపించలేదు. సముద్రం హోరు, గాలి. "ఏటంతన్నాది?" అని ఒకామె ఒక అడుగు ముందుకొచ్చింది. ఇంకొకామె వచ్చింది. అప్పలకొండమ్మ చేతిలో గంప కింద పెట్టి దగ్గరికి జరిగింది. ఆ గుసగుస వినాలంటే అందరూ ఒకరినొకరు ఆనుకుని నిలబడాలి. అలాగే నిలబడ్డారు. కుమారి తొట్టి గురించి చెప్పింది. పొగ గురించి చెప్పింది. ఊపిరి కోసం మధ్యమధ్య ఆగుతూ, డాక్టరు అడిగిన ప్రశ్న గురించి చెప్పింది.

వెనక లారీ వచ్చి ఆగింది. తొట్లు, డ్రమ్ములు, టార్పాలిను కప్పిన సంచులు. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. క్యాబిన్‌లోంచి త్రినాధరావు మనిషి తల బయటపెట్టి తప్పుకోమని అరిచాడు.

అప్పలకొండమ్మ వెనక్కి తిరగలేదు. "నువ్వు సెప్పమ్మా, వింతన్నాం" అంది కుమారితో.

కుమారి చెబుతూనే ఉంది. రోడ్డు మీంచి ఒక్కరూ కదల్లేదు.