ఇరవై కిలోల ఇనుపరాయి

“డెబ్బై ఎనిమిది” అంది నర్సు.

“ఎవరి బరువు?” అంది కాటా అక్క.

కాటా మీద నిలబడి ఉన్నది తనొక్కతే. అయినా అడిగింది. ఆ పొద్దున ఇంట్లో చూసుకున్నప్పుడు డెబ్బై నాలుగున్నర ఉంది మరి. మూడు వారాలుగా డెబ్బై అయిదు దాటలేదు. డెబ్బై అయిదుకి దిగితేనే ఆపరేషన్ అని ఆస్పత్రివాళ్ళు ఏడాది కిందటే చెప్పారు. ఇవాళ తేదీ ఇచ్చేస్తారన్న ధీమాతో, ఇస్త్రీ బట్టలు వేసుకుని మరీ వచ్చింది.

కాటా దిగింది. చెప్పులు విప్పింది, వాచీ తీసింది, జేబులోని తాళాల గుత్తి బల్ల మీద పడేసింది. మళ్ళీ ఎక్కింది. డెబ్బై ఎనిమిదికి ఒక్క పిసరు తగ్గితే ఒట్టు.

“మీ కాటా తప్పు” అంది.

ఆ మాట విని ఆమెకే ఒళ్ళు జలదరించింది. ఇరవై రెండేళ్ళుగా ఊరి చివరి కంకర యార్డులో లారీలు తూచే పని ఆమెది. రోజుకు అరవై లారీలు. లోడు ఎక్కువైందని వెనక్కి పంపిన ప్రతి డ్రైవరూ కిటికీలోంచి తల బయటపెట్టి అనేది ఇదే మాట. అన్నవాణ్ణల్లా ఆమె కడిగి పారేసేది. అందుకే ఆమెకి కాటా అక్క అని పేరు పడింది, అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

“పోయిన వారమే తనిఖీ చేశారమ్మా దీన్ని” అంది నర్సు. “బరువు తగ్గడానికిచ్చిన ఇంజెక్షన్ ప్రతివారం తీసుకుంటున్నారా?”

కాటా అక్క కిటికీ వైపు చూసింది. “డెబ్బై అయిదుకి చేరిపోయాను కదా అని మూడు వారాల నుంచి ఆపేశాను.”

“డాక్టరుగారిని అడిగారా?”

“లేదు.”

“నడక?”

“కాస్త తగ్గింది.”

నర్సు పెన్ను కింద పెట్టింది. “దిగినంత మాత్రాన అయిపోదమ్మా. మందు ఆపితే ఆకలి తిరిగొస్తుంది. అది మీ నోటి చాపల్యం కాదు, ఒంటి స్వభావం. పోయిన బరువుని ఒళ్ళు వెనక్కి లాక్కోవాలనే చూస్తుంది. అందుకే నెలనెలా రమ్మన్నాం. రేపు ఒక్క కిడ్నీతో మిగిలాక కూడా జన్మంతా ఇలా చూసుకోవాల్సిందే. తేదీ సంగతి రెండు నెలల తర్వాత మాట్లాడదాం.”

“రెండు నెలలా? అక్కడ మా తమ్ముడు డయాలసిస్ మిషను మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. మీ డొక్కు కాటా చూపించి రెండు నెలలంటారా? ఉండండి, నిరూపిస్తా.”

తలుపు ఎంత గట్టిగా వేసి వచ్చిందంటే, బయట బెంచీ మీద కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

దారి పొడుగునా తనలో తనే గొణుక్కుంది. ఏడాది పాటు ఏం చేసిందో ఆ నర్సుకేం తెలుసు? తొంభై ఆరు కిలోల నుంచి దిగడమంటే లారీలోంచి కంకర దింపడం కాదు. సగం కంచం కూరగాయలతోనే నింపింది. టీలో పంచదార మానేసింది. లారీకీ లారీకీ మధ్య దొరికే పది నిమిషాల్లో, ఆ దుమ్ములో, యార్డు చుట్టూ కాళ్ళరిగేలా నడిచింది. డ్రైవర్లు ఊరుకున్నారా? “అక్కా, ఓసారి నువ్వూ కాటా ఎక్కు, ఎన్ని టన్నులో చూద్దాం” అన్నాడొకడు. యార్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. లారీల కాటాకి పది కిలోల లోపు తేడా తెలియదు, మనిషిని దాని మీద తూచడం కుదరదు. అది తెలిసే అన్నాడు వెధవ. కాస్త తగ్గాక వాళ్ళే “ఏంటక్కా, ఏమైనా జబ్బా?” అనడం మొదలుపెట్టారు. లావుగా ఉన్నా అనేవాళ్ళే, తగ్గినా అనేవాళ్ళే. ఆమె ఒళ్ళేదో వీధి కుళాయి అయినట్టు ప్రతివాడికీ దాని మీద ఒక మాట ఉండేది.

ఇవన్నీ ఎవరి కోసం భరించింది? తమ్ముడి కోసం. అమ్మానాన్న పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది, ఎలక్ట్రీషియన్ పని నేర్పించింది. రెండేళ్ళ కిందట వాడి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. పరీక్షలన్నీ చేసి అక్క కిడ్నీ సరిపోతుందన్నారు. అడ్డమల్లా ఆమె బరువే.

తిన్నగా ఇంటికి పోలేదు. యార్డుకి పోయింది. కాటా గది వెనక షెడ్డులో తనిఖీ రాళ్ళుంటాయి. రాళ్ళంటే రాళ్ళు కాదు, ప్రభుత్వ ముద్ర వేసిన ఇనుప దిమ్మలు, ఒక్కొక్కటి సరిగ్గా ఇరవై కిలోలు. రోజూ పొద్దున మొదటి లారీ రాకముందు వాటిని కాటా నాలుగు మూలలా పెట్టించి, అంకె సరిగ్గా వస్తే గానీ గేటు తెరవనిచ్చేది కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. అందులో ఒక దిమ్మని స్కూటరు ముందు పెట్టుకుని ఇంటికి బయల్దేరింది. ఇంటి కాటా మీద పెట్టి, సరిగ్గా ఇరవై చూపిస్తున్నప్పుడు ఫోటో తీసి, ఆ నర్సు మొహాన కొట్టాలని ఆమె ఉద్దేశం.

తమ్ముడు ముందు గదిలో మంచం మీద పడుకుని ఉన్నాడు. నిన్న డయాలసిస్ అయింది, ఇవాళ విశ్రాంతి. అక్క ఇనుపరాయి మోసుకుంటూ లోపలికి రావడం చూసి లేచి కూర్చున్నాడు.

“అదేంటక్కా?”

“నువ్వు పడుకో.”

కాటా స్నానాలగది పక్కన గోడవారగా ఉంది. రాయిని మెల్లగా దాని మీద దించింది.

పందొమ్మిది పాయింటు ఒకటి.

తీసి మళ్ళీ పెట్టింది. పందొమ్మిది పాయింటు ఒకటి. కాటాని వంటింటి నాపరాయి మీదికి మార్చి పెట్టింది. అదే అంకె. గోడకి చేరగిలబడి నోట్లోనే లెక్క కట్టింది. పందొమ్మిది పాయింటు ఒకటికి ఇరవై అయితే, డెబ్బై నాలుగున్నరకి ఎంత? డెబ్బై ఎనిమిది. పొల్లుపోకుండా డెబ్బై ఎనిమిది.

పొద్దున్నే ఊరందరి లోడు తనిఖీ చేసే మనిషి, ఇంట్లో తను ఎక్కే కాటా మీద ఒక్కనాడూ రాయి పెట్టి చూడలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బ్యాటరీ అయిపోయి ఉంటుందిలే అనుకుంటూ తిరగేసింది.

తెగిన సీలు ఎలా ఉంటుందో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. కాటా అడుగున స్క్రూల మీద కంపెనీ అంటించిన స్టిక్కరు ఉంది. దాన్ని బ్లేడుతో సన్నగా కోసి, మళ్ళీ జిగురు పెట్టి అంటించారు. ఎంత శుభ్రంగా చేశారంటే, అది చేతగానివాడి పని కానే కాదు. ఈ ఇంట్లో అంత నేర్పుగా స్క్రూ విప్పే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతికి పని నేర్పించింది తనే.

అరికాలి మంట నెత్తికెక్కింది. కాటా పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది.

“ఎప్పుడు చేశావురా ఇది?”

వాడు దుప్పటి సర్దుకున్నాడు. “ఏది?”

“నా చెవిలో పువ్వు పెట్టింది చాలు. ఎప్పుడు?”

“నెల కిందట” అన్నాడు నేల చూపులు చూస్తూ. “నువ్వు డెబ్బై ఆరుకి దిగిన రోజు.”

ఆ నెల రోజులూ ఆమె కళ్ళ ముందు తిరిగాయి. సాధించేశావక్కా, ఇంకా ఆ సూదులెందుకు అన్నది వీడే. ఇవాళ నడకకి సెలవు పెట్టు అన్నది వీడే. కేకు ముక్క కోసి, ఒక్కటేగా అని నోట్లో పెట్టింది వీడే. ఆమె మురిసిపోయి తిన్నది. తమ్ముడికి తన మీద ఎంత ప్రేమో అనుకుంది.

“ఎందుకు?”

“అక్కా, ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితాలు నువ్వు చదవకుండానే సంతకం పెట్టావు. నేను చదివాను. ఇచ్చినవాళ్ళ ప్రాణానికి కూడా ప్రమాదం ఉండొచ్చని ఒక లైను ఉంది. నేను పోతే పోతాను. నువ్వు పోతే ఎలా? వద్దంటే నువ్వు వింటావా? నీ బరువు దిగకపోతే వాళ్ళే వద్దంటారు, గొడవ ఉండదు అనుకున్నా.”

“ఆ లైను డాక్టరు నాకు మూడుసార్లు చదివి వినిపించాడు. తెలిసే పెట్టాను సంతకం.” కాటాని వాడి మొహం ముందు ఊపింది. “డ్రైవర్లు నా ఒళ్ళు చూసి నవ్వారు, పడ్డాను. వీధిలోవాళ్ళు అన్నారు, పడ్డాను. ఇంటికొచ్చి ఆ అంకె చూసుకుంటే చాలు, అదొక్కటి నాది అనుకునేదాన్ని. నా కష్టానికి వచ్చిన అంకె అది. దాన్ని కూడా దొంగిలించావు కదరా. ఇవాళ పాపం ఆ నర్సు మీద విరుచుకుపడి వచ్చాను. నిజం చెప్పినందుకు.”

వాడు తలెత్తి చూశాడు. మొహం ఉబ్బి ఉంది. నిద్ర వల్ల అనుకుందామె. అంతలో తెగిన సీలు చూసిన కళ్ళే వాడి చీలమండల మీద పడ్డాయి. అవీ ఉబ్బి ఉన్నాయి.

కాటాని వాడి ముందు నేల మీద పెట్టింది. “ఎక్కు.”

“నాదెందుకు ఇప్పుడు? నిన్ననే చూశారుగా అక్కడ.”

“ఎక్కమన్నానా.”

ఎక్కాడు. యాభై అయిదు పాయింటు నాలుగు. లెక్క కడుతూ ఆమె పెదాలు కదిలాయి. అసలు బరువు యాభై ఎనిమిది. ఒంట్లో నీళ్ళన్నీ తీసేసి నిన్న సాయంత్రం పంపినప్పుడు చీటీ మీద యాభై నాలుగు ఉంది. మళ్ళీ మిషను ఎక్కేలోపు రెండు కిలోలు దాటి నీరు చేరకూడదని ఆ చీటీ మీదే రాసి ఉంటుంది. ఒక్క రోజు తిరక్కుండానే నాలుగు కిలోలు.

మంచం పక్కన చూసింది. దుప్పటి చాటున రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు, ఖాళీవి.

“దాహమేసిందక్కా” అన్నాడు. తర్వాత, చాలా మెల్లగా, “ఎలాగూ అనుకున్నా” అన్నాడు.

ఎలాగూ ఏమిటో ఆమె అడగలేదు. అడక్కుండానే అర్థమైంది. వీడు ఆపరేషన్ ఒక్కటే ఆపలేదు, అక్క కళ్ళ ముందే, చప్పుడు చెయ్యకుండా, వెళ్ళిపోయే ఏర్పాటు చేసుకుంటున్నాడు. చెంప ఛెళ్ళుమనిపించాలని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఫోను అందుకుంది.

“సిస్టర్, పొద్దున అరిచి వెళ్ళాను చూడండి, నేనే. మీ కాటా సరైనదే, మాదే తప్పు. నాది డెబ్బై ఎనిమిది, అలాగే రాసుకోండి. ఇంజెక్షన్ మళ్ళీ మొదలుపెడతాను.”

“మీ అంతట మీరు మొదలుపెట్టకండమ్మా. మధ్యలో ఆపారు కాబట్టి ఎంత మోతాదు ఇవ్వాలో డాక్టరుగారు చెప్తారు. కడుపు మాడ్చుకోకండి కూడా. ఏడాదిలో పద్దెనిమిది తగ్గినవాళ్ళకి మూడు కిలోలు ఎంత?”

“సరే. ఇంకోటి రాసుకోండి. మా తమ్ముడిది యాభై ఎనిమిది.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. “నిన్న యాభై నాలుగుతో పంపాం కదా? ఆయాసం ఉందా?”

“ఆయాసంగా ఉందా?” అని తమ్ముణ్ణి అడిగింది. వాడు తల ఊపాడు.

“ఉంది.”

“వెంటనే తీసుకురండి. రేపటిదాకా ఆగొద్దు.”

ఫోను పెట్టేసి, వాడి చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పడేసింది. వంగలేకపోతుంటే తనే కూర్చుని తొడిగింది, విసురుగా.

“ఆపరేషన్ నీకు వద్దా? డాక్టరు ముందు, నా మొహం చూసి చెప్పు. అప్పుడు వింటాను. నా బరువు జోలికి మాత్రం రాకు. డెబ్బై అయిదుకి దిగుతాను, దిగి అక్కడే ఉంటాను. నీకిచ్చినా, ఇవ్వకపోయినా.”

“చాలా కోపంగా ఉందా అక్కా?”

“ఉంది. నిన్ను ఇంకో ముప్పై ఏళ్ళు తిట్టినా తీరేది కాదు. అందుకే బతికుండు. నడువు.”

వాడి చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపింది. యాభై ఎనిమిది కిలోల బరువూ ఆమె మీదే ఆనింది. గడప దాటేటప్పుడు వాడు తూలితే నడుం చుట్టూ చెయ్యి వేసి బిగించి పట్టుకుంది, ఆటోవాడు కనిపించేదాకా తిడుతూనే ఉంది.